పూతరేకుల పెట్టెలో పురుగులు: ఇదీ ఒక చదువేనా?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. నాలుగెకరాల కొబ్బరి తోట ఉంది. మా అమ్మాయి ఈ ఏడాదే ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. లాంగ్‌టర్మ్‌లో చేరమంటే వద్దంటోంది. పెంకు పురుగుల (బీటిల్స్) పరిణామం, వర్గీకరణ మీద పరిశోధన చేస్తుందట. పూతరేకుల అట్టపెట్టెలో కొమ్ము పురుగుల్ని గుండుసూదులతో గుచ్చి దాచుకుంది. అమ్మమ్మగారి ఊరి నుంచి తెచ్చిన ఆరుద్ర పురుగును మాత్రం వేరే డబ్బాలో పెట్టింది. ఎందుకమ్మా అంటే ‘దీనికి ఎనిమిది కాళ్లు నాన్నా, వీటిలోది కాదు’ అంది. మాకు టెన్షన్‌గా ఉంది. పురుగుల్ని చూసుకుంటూ కూర్చుంటే అన్నం ఎవరు పెడతారండీ?

జవాబు: ముందు ఆ ఆరుద్ర పురుగు సంగతి చూద్దాం. పెద్ద చదువులు చదివినవాళ్లు కూడా దాన్ని కీటకాల్లో కలిపేస్తుంటారు. కీటకాలకు ఆరే కాళ్లు. ఆరుద్ర సాలీళ్ల వైపు చుట్టం. ఎవరూ చెప్పకుండా కాళ్లు లెక్కపెట్టి పక్కన పెట్టిందంటే, మీ అమ్మాయి వర్గీకరణలో మొదటి పని చేసేసినట్టే. మీరు ఆ మాట రాయకపోతే ఈ జవాబు నాలుగు లైన్లలో ముగించేవాణ్ణి. పురుగులంటే ఇష్టం చిన్నప్పుడు చాలామందికి ఉంటుంది. నేనూ అగ్గిపెట్టెలో జీరంగిని పెట్టి తుమ్మాకు మేపినవాణ్ణే. కాళ్లు లెక్కపెట్టాలన్న బుద్ధి మాత్రం నాకు పుట్టలేదు.

ఇక అన్నం మాట. ‘పెంకు పురుగుల వర్గీకరణ నిపుణులు కావలెను’ అని పేపర్లో ప్రకటన కోసం చూస్తే ఏళ్లు గడిచిపోతాయి. ఈ విద్య తెలిసినవాళ్లు జీతం తీసుకునేది వేరే పేర్లతో. వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఎంటమాలజీ (కీటక శాస్త్రం) ప్రొఫెసరుగానో, కేంద్ర వ్యవసాయ పరిశోధనా మండలి అయిన ఐసీఏఆర్ సంస్థలో శాస్త్రవేత్తగానో, సరుకుల్లో తెగుళ్లు, పురుగులు దేశంలోకి రాకుండా చూసే ప్లాంట్ క్వారంటైన్‌లోనో, జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలోనో ఉంటారు. పోస్టులు తక్కువే. ఈ పని బాగా తెలిసినవాళ్లు అంతకంటే తక్కువ.

ఈ పని ఎందుకు కావాలో మీకు మీ తోట నుంచే చెప్పొచ్చు. మీ అమ్మాయి పెట్టెలో ఉన్న కొమ్ము పురుగూ పెంకు పురుగే. అది కొబ్బరి మొవ్వులో దూరితే విచ్చుకున్న ఆకు కత్తిరించినట్టు వస్తుందని మీకు తెలుసు. దీన్ని చంపే ఒక వైరస్‌ను 1963లో మలేషియాలో కనిపెట్టారు. పసిఫిక్ దీవుల్లో కొబ్బరి తోటల్ని చాలాకాలం అదే కాపాడింది. 2007లో ఈ పురుగు గువాం దీవిలో కనిపించింది. అక్కడా అదే వైరస్ వదిలితే పని చెయ్యలేదు. డీఎన్‌ఏ చూస్తే అది ఆ జాతిలోనే వేరే వంశం. పాతదాన్నీ దాన్నీ పక్కపక్కన పెడితే మీరూ నేనూ తేడా చెప్పలేం. ఏ వంశమో తెలియకపోతే మందే తప్పిపోతుందన్నమాట.

ఇంకొకటి చెప్తాను, ఇది మన అమెరికా పిల్లల సూట్‌కేసులకు సంబంధించింది. ఖప్రా అని నిల్వ ధాన్యం తినే చిన్న పెంకు పురుగు ఉంది. దాని భయంతోనే 2011 నుంచి అమెరికా వాళ్లు మనలాంటి దేశాల నుంచి ప్రయాణికులు సామాన్లలో బియ్యం తేకూడదన్నారు. ఓడ సరుకులో కొన్ని మిల్లీమీటర్ల, ఒంటినిండా వెంట్రుకలున్న పిల్ల పురుగు దొరికితే అది ఖప్రానా, దాన్ని పోలిన మరో చుట్టమా అని మైక్రోస్కోపు కింద నోటి భాగాలు విడదీసి చూసి చెప్పాలి. అవునంటే సరుకు ఆగిపోతుంది. అంత బరువైన మాట చెప్పగలిగినవాళ్లు రేవుల్లోనూ ల్యాబుల్లోనూ ఉండాలి కదా.

పరిణామం మాటకొస్తే, ఇది చాలా పెద్ద సముద్రం. ఇప్పటిదాకా పేరు పెట్టిన పెంకు పురుగులే దాదాపు 4 లక్షల జాతులు. మనకు తెలిసిన జంతు జాతుల్లో సుమారు నాలుగింట ఒకటి. ఇన్ని ఎలా పుట్టాయన్నదే అసలు ప్రశ్న. 2019లో ఒక అంతర్జాతీయ బృందం 146 జాతుల నుంచి 4,818 జన్యువులు తీసి వంశవృక్షం గీసింది. చెట్టు కణాల గోడల్ని జీర్ణం చేసే జన్యువులు కొన్ని ఈ పురుగులకు బ్యాక్టీరియా, శిలీంధ్రాల నుంచి వచ్చాయని, ముక్కు పురుగుల్లాంటి ఆకు, కలప తినే వంశాలు అంతగా పెరగడానికి అదొక కారణమని చెప్పింది. అరువు తెచ్చుకున్న ఆస్తితో కోటీశ్వరులైనట్టు. ఈ తరహా పనికి కంప్యూటర్ ప్రోగ్రామింగ్, జన్యు సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ రావాలి. అవి వస్తే పురుగులు చెయ్యిచ్చినా హైదరాబాద్ బయోటెక్ కంపెనీల తలుపు తట్టొచ్చు.

రోజువారీ పని మాత్రం అంత మెరుపుగా ఉండదని అమ్మాయికి చెప్పండి. ఎక్కువ భాగం గోధుమరంగు చిన్న పురుగులే, అన్నీ ఒక్కలాగే ఉంటాయి. పెద్దవాటికి సూది కుడి రెక్క పెంకులోంచి దించాలి, మధ్యలో గుచ్చితే గుర్తులు పాడవుతాయి. చిన్నవాటిని అట్టముక్క కొనకు అంటించాలి. కింద చీటీలో ఊరు, తేదీ, పట్టినవాళ్ల పేరు ఉండాలి. చీటీ లేని పురుగు శాస్త్రానికి పనికిరాదు. వేరుశనగను కొట్టే వేరు పురుగుల్లో ఏ జాతో తేల్చాలంటే పెద్ద పురుగైన మగదాని జననాంగం బయటికి లాగి ఆకారం చూడాలి. ఇంట్లో ఈ మాట ఎలా అనాలని ఇబ్బంది పడకండి, ఈ శాస్త్రంలో తాళంచెవి అదే. ఇక మన దేశపు పేడ పురుగులకు ఇప్పటికీ తీసి చూసే పుస్తకం బ్రిటిష్ మ్యూజియం ఉద్యోగి గిల్బర్ట్ ఆరో 1931లో రాసింది. అప్పట్లో పేరు పెట్టిన పురుగుల్లో చాలావాటి మూల నమూనాలు, అంటే ఏ పురుగును చూసి ఆ పేరు పెట్టారో ఆ పురుగులే, లండన్‌లో ఉన్నాయి. మన పేడ కుప్పలో పురుగు పేరు ఖాయం చేసుకోవడానికి అక్కడికి రాసుకోవాల్సి రావడం నాకు ఎప్పుడూ చిరాకే.

ఎక్కడ చేరాలి? మీ ఇంటికైతే నా ఓటు బీఎస్సీ అగ్రికల్చర్‌కే. ఈఏపీసెట్ రాసే ఉంటుంది కాబట్టి ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం కౌన్సెలింగ్ వదలకండి. రైతు కోటా రూల్స్ నోటిఫికేషన్‌లో చూడండి, మీ పొలం కాగితాలు అక్కరకొస్తాయి. నాలుగేళ్ల తర్వాత ఐసీఏఆర్ పరీక్షతో ఎంఎస్సీ ఎంటమాలజీ, ఆపైన పీహెచ్‌డీ, ఐసీఏఆర్ శాస్త్రవేత్తల్ని ఎంపిక చేసే ఏఆర్‌ఎస్ పరీక్ష. మధ్యలో మనసు మారితే మండల వ్యవసాయ అధికారి ఉద్యోగం ఉంది, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టులున్నాయి. అసలు మనసు పరిణామం మీదే ఉంటే కేంద్ర సైన్స్ విద్యా సంస్థ అయిన ఐసర్ తిరుపతిలో అయిదేళ్ల బీఎస్-ఎంఎస్ ఇంకా మంచిది, దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాసి ఉంటే ఆలోచించండి. మామూలు బీఎస్సీ జువాలజీ తప్పు కాదు గానీ, దాంతో వ్యవసాయ ఎంఎస్సీ తలుపులు చాలావరకు మూసుకుంటాయి.

ఏ దారైనా పీహెచ్‌డీ దాకా పదేళ్లు అనుకోండి. సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 రూపాయలు, రెండేళ్లయ్యాక 42,000, ఇంటి అద్దె అదనం. 2023 జనవరి నుంచి ఇస్తున్న రేటు ఇది. అంటే చివరి అయిదేళ్లు మీ మీద భారం పడకపోవచ్చు. పీహెచ్‌డీలో చేరేటప్పుడు మాత్రం యూనివర్సిటీ పేరు చూసి పోవద్దు, గైడును చూసి పోవాలి. నేను సలహా చెప్పిన ఒకబ్బాయి పెద్ద పేరున్న చోట చేరాడు. అక్కడ పెంకు పురుగులు తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. రెండేళ్లయ్యాక టాపిక్ మార్చుకున్నాడు. ముందుగా అడగమని చెప్పకపోవడం నా తప్పే. బెంగళూరులో ఐసీఏఆర్ వాళ్ల కీటక వనరుల బ్యూరో, ఢిల్లీ పూసా సంస్థ, కలకత్తాలో జువలాజికల్ సర్వే, హైదరాబాద్‌లో దాని మంచినీటి జీవుల కేంద్రం, ఇలాంటి చోట్ల ఎవరు ఏ పురుగుల కుటుంబం మీద పని చేస్తున్నారో మీ అమ్మాయి డిగ్రీలోనే తెలుసుకుని మెయిల్ రాయాలి.

కౌన్సెలింగ్‌కి ఇంకా టైముంది కాబట్టి ఈ వానల్లో ఒక పరీక్ష పెట్టండి. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా వరండాలో తెల్ల పంచె కట్టి, దాని ముందు బల్బు వెలిగించండి. వాలిన పెంకు పురుగుల్లో అందమైనవి వదిలేసి, గోధుమరంగువి ఓ రెండొందలు పట్టి, వేరుచేసి, చీటీలు రాయమనండి. మీ సొంత పెరట్లోనే, అడవిలోకైతే అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు. నూరోదానికి విసుగొస్తే నాకు ఫోన్ చెయ్యండి, వేరే దారులు మాట్లాడుకుందాం. రెండొందలూ పూర్తయ్యాక ‘నాన్నా, ఇందులో మూడు రకాలున్నాయి’ అంటే ఫీజు కట్టేయండి.

అన్నట్టు, ఆ పూతరేకుల పెట్టెలో ఇవాళే రెండు కలరా ఉండలు వెయ్యమనండి. ఖప్రా చుట్టాలు కొన్ని ఎండిన పురుగుల్ని కూడా తింటాయి. ఆలస్యమైతే సూదులూ పొడీ మిగులుతాయి.