హోస్టింగ్ ఎవరి దగ్గర తీసుకోవాలి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా ఇంటి ఆడవాళ్లమందరం కలిసి పూతరేకులు చేసి అమ్ముతున్నాము. 2023లో ఆత్రేయపురం పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చాక హైదరాబాదు, బెంగళూరు వంటి దూరప్రాంతాల నుంచి అడిగేవారు పెరిగారు. ఇంతకాలం వాట్సాప్‌లో వచ్చిన ఆర్డర్లతోనే నెట్టుకొచ్చాము. ఇప్పుడు మా మేనల్లుడు వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేరుతో వెబ్‌సైటు తయారుచేస్తున్నాడు, అందులోనే డబ్బు కట్టే ఏర్పాటు కూడా ఉంటుంది. హోస్టింగ్ (సైటును ఇంటర్నెట్టులో నిలిపే సర్వరు, అంటే ఎప్పుడూ నడిచే కంప్యూటరు మీద అద్దె చోటు) కోసం వెతికితే ప్రతి కంపెనీ 'అన్‌లిమిటెడ్' అనీ, '99.9 శాతం అప్‌టైమ్' అనీ రాస్తోంది. ధరలు మాత్రం ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయి. ఎవరిని నమ్మాలి?
– ఒక పాఠకురాలు, ఆత్రేయపురం

జవాబు: ముందుగా ఆ 99.9 శాతం సంగతి చూద్దాం. అప్‌టైమ్ అంటే సైటు తెరుచుకొని ఉండే సమయం. ముప్పై రోజుల నెలలో 43,200 నిమిషాలు ఉంటాయి కనుక, అందులో 0.1 శాతం అంటే సుమారు 43 నిమిషాలు. నెల మొత్తం మీద అంతసేపు మీ సైటు తెరుచుకోకపోయినా కంపెనీ మాట తప్పినట్టు కాదు. అదే 99 శాతం అని ఉంటే ఏడు గంటలకు పైగా మూతపడవచ్చు. సంఖ్యలో లోపమేమీ లేదు, కానీ మాట తప్పితే ఏమి ఇస్తారన్నది నిబంధనల పత్రంలో చదవండి. సాధారణంగా ఆ నెల రుసుములో కొంత భాగాన్ని తరువాతి బిల్లులో తగ్గిస్తారు, అది కూడా మీరు అడిగితేనే. ముందుగా ప్రకటించి చేసే మరమ్మతుల సమయాన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. సంక్రాంతి ముందు వారంలో పోయిన ఆర్డర్లకు పరిహారం ఎవరూ ఇవ్వరు. అందువల్ల ప్రకటనలోని శాతాన్ని పక్కనపెట్టి, మొదట ఒక నెలకు మాత్రమే డబ్బు కట్టి, సైట్లను గమనించే ఏదైనా సేవతో సైటు తెరుచుకుంటున్నదో లేదో అయిదు నిమిషాలకొకసారి పరీక్షింపజేయండి. అంత చిన్న సైటుకు ఇంత పరీక్ష ఎందుకని మీ మేనల్లుడు అనవచ్చు. అయినా చేయించండి.

'అన్‌లిమిటెడ్' అనే మాట మరింత జాగ్రత్తగా చదవవలసినది. చవక పథకాలన్నీ షేర్డ్ హోస్టింగే, అంటే ఒకే సర్వరు మీద వందల సైట్లు ఉంటాయి. ఎగువ రైతులు తూములు ఎత్తేస్తే శివారు చేలకు నీరందని పరిస్థితి మన కాలువల కింద అందరికీ తెలిసినదే, ఇక్కడా జరిగేది అదే. దానిని అదుపు చేయడానికి కంపెనీలు ప్రతి ఖాతాకూ ప్రాసెసరు వాడకం, మెమరీ, ఒకేసారి నడిచే ప్రక్రియల సంఖ్య, మొత్తం ఫైళ్ల సంఖ్య అనే నాలుగింటికి హద్దులు పెడతాయి. అవి దాటితే కొన్ని సర్వర్లలో 508 అనే దోష సందేశం కనిపిస్తుంది. ప్రకటనలో 'అన్‌లిమిటెడ్' అన్నది ఈ నాలుగింటి గురించి కాదు, డిస్కు స్థలం గురించీ డేటా బదిలీ గురించీ మాత్రమే. నిజానికి మీకు వాటి కొరత రాదు. ఒక్కొక్క పేజీ 2 మెగాబైట్లు అనుకొని, రోజుకు 300 మంది వచ్చి మూడేసి పేజీలు చూసినా నెలకు 54 గిగాబైట్లే అవుతుంది. అమ్మకాల సైటులో ముందుగా కొరత పడేది ప్రాసెసరే. మామూలు పేజీలను ఒకసారి తయారుచేసి దాచిపెట్టి అందరికీ అదే ప్రతిని పంపవచ్చు గానీ, ఒక్కొక్కరి బుట్ట, ఒక్కొక్కరి చెల్లింపు వేరు కనుక ఆ పేజీలను సర్వరు ప్రతిసారీ కొత్తగా తయారుచేయవలసిందే. అందుచేత కంపెనీని ఎంత స్థలం ఇస్తారని కాకుండా, ఎన్ని ప్రాసెసరు కోర్లు, ఎంత మెమరీ, ఒకేసారి ఎన్ని ప్రక్రియలు ఇస్తారని రాతపూర్వకంగా అడగండి. సూటిగా అంకెలు చెప్పని కంపెనీని వదిలేయండి.

మీ కొనుగోలుదారులు హైదరాబాదులోను, బెంగళూరులోను ఉన్నారు కనుక సర్వరు భారతదేశంలోనే ఉండాలి. ఫైబరు తీగలో కాంతి సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు ప్రయాణించినా, అమెరికా వెళ్లి రావడానికి 200 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. పేజీలో మొదటి అక్షరం రావడానికి ముందే బ్రౌజరుకూ సర్వరుకూ మధ్య అలాంటి రాకపోకలు కొన్ని జరుగుతాయి. అమెజాన్ తన క్లౌడు కేంద్రాన్ని 2016లో ముంబయిలోను, 2022లో హైదరాబాదులోను తెరిచింది. ఇతర కంపెనీల డేటా కేంద్రాలు కూడా దేశంలో చాలానే ఉన్నాయి కనుక ఈ విషయంలో రాజీపడవలసిన అవసరం లేదు.

నా దృష్టిలో నమ్మకానికి అసలు పరీక్ష బ్యాకప్, అంటే సైటు సమాచారానికి విడిగా దాచిన నకలు. 2021 మార్చి 10న ఫ్రాన్సులోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే పెద్ద హోస్టింగ్ కంపెనీ డేటా కేంద్రంలో అగ్నిప్రమాదం జరిగి ఒక భవనం పూర్తిగా కాలిపోయింది. బ్యాకప్ కూడా అక్కడే ఉన్న ఖాతాదారులు కొందరు తమ సమాచారాన్ని శాశ్వతంగా పోగొట్టుకున్నారు. అది చిన్న కంపెనీ కాదు, అయినా అలా జరిగింది. కాబట్టి ఎంత మంచి కంపెనీని ఎంచుకున్నా, దాని చేతిలో లేని నకలు ఒకటి మీ దగ్గర ఉండి తీరాలి. ఆర్డర్ల డేటాబేసును రోజూ, మొత్తం సైటును వారానికొకసారి వేరే కంపెనీ క్లౌడులోకి పంపే ఏర్పాటు చేయించండి. ఇంట్లోని హార్డ్‌డిస్కు ఒక్కటే చాలని అనుకోవద్దు, 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవారికి దీని గురించి వివరించనక్కరలేదు. కంపెనీని మూడు ప్రశ్నలు అడగండి: ఎన్ని రోజుల ప్రతులు ఉంచుతారు, అవి వేరే ఊరిలో ఉంటాయా, తిరిగి పెట్టడానికి డబ్బు తీసుకుంటారా? సైటులో సరుకులు పెట్టక ముందే మీ మేనల్లుడి చేత ఒకసారి బ్యాకప్ నుంచి సైటును తిరిగి లేపించి చూడండి. ఏ రోజైనా మీ సామాను సర్దుకొని మరొకచోటికి వెళ్లిపోగలిగితే, ఎంపికలో చిన్న పొరపాటు జరిగినా పెద్ద నష్టం ఉండదు.

ధర విషయంలో మొదటి ఏడాది అంకెను చూడకుండా రెన్యూవల్ అంకెను చూడండి. పెద్ద అక్షరాలలో కనిపించే తక్కువ ధర తరచుగా మూడు, నాలుగేళ్లకు ఒకేసారి కట్టినవారికే వర్తిస్తుంది. గడువు తీరాక అది రెండు మూడింతలు కావచ్చు, దాని మీద 18 శాతం జీఎస్టీ అదనం. సైటుకూ చూసేవారికీ మధ్య సమాచారాన్ని గోప్యంగా ఉంచే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్టుకు విడిగా డబ్బు కట్టవద్దు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థ దానిని ఉచితంగానే ఇస్తుంది. 'అత్యుత్తమ పది హోస్టింగ్ కంపెనీలు' అనే జాబితాలలో చాలావాటికి కమీషను ముడిపడి ఉంటుంది. పైగా బ్లూహోస్ట్, హోస్ట్‌గేటర్ వంటి వేరువేరు పేర్లు న్యూఫోల్డ్ డిజిటల్ అనే ఒకే సంస్థ చేతిలో ఉన్నాయి కనుక, ఆ రెండింటినీ పోల్చి చూసి నిర్ణయించామనుకోవడంలో అర్థం తక్కువ. అంతకంటే, డబ్బు కట్టక ముందు ఒక ఆదివారం రాత్రి వారి సహాయ విభాగానికి పైన చెప్పిన ప్రశ్నలు పంపి, జవాబు ఎప్పుడు వస్తుందో, మనిషి రాసినట్టు ఉంటుందో లేదో చూడటం మేలు.

ప్రశ్న: మాది కడియం దగ్గర నర్సరీ. అయిదేళ్ల క్రితం ఒక కుర్రవాడు మాకు వెబ్‌సైటు చేసిపెట్టాడు. డొమైన్ పేరు (సైటు చిరునామా), హోస్టింగ్ రెండూ అతని పేరు మీదనే ఉన్నాయట. ఇప్పుడు ఫోను చేస్తే సరిగా పలకడం లేదు. ఏమి చేయాలి?
– ఒక పాఠకుడు, కడియపులంక

జవాబు: హోస్టింగ్ పోతే మరొకటి కొనుక్కోవచ్చు, పేరు పోతే కష్టం. అందువల్ల ముందుగా డొమైన్ మీద దృష్టి పెట్టండి. హూయిజ్ అనే వెతుకులాట సేవలో మీ డొమైన్ పేరు కొడితే, అది ఏ రిజిస్ట్రారు (డొమైన్ పేర్లు నమోదు చేసే కంపెనీ) దగ్గర ఉన్నదీ, గడువు ఎప్పుడు తీరుతున్నదీ తెలుస్తుంది. ఆ కుర్రవాడితో తగవు పడకుండా, అవసరమైతే అతనికి రావలసిన బాకీ ఏదైనా ఉంటే తీర్చి, డొమైన్ తాళం తీసి బదిలీ కోడ్ ఇమ్మని వాట్సాప్‌లోను ఈమెయిల్‌లోను అడగండి. ఆ కోడ్‌తో మీ సొంత ఈమెయిల్, సొంత ఫోను నంబరు మీద తెరిచిన ఖాతాలోకి పేరును తెచ్చుకోవచ్చు. డాట్ కామ్ పేరు అయితే, గడువు తీరిన వెంటనే పరుల పాలు కాదు. రిజిస్ట్రారును బట్టి కొన్ని రోజుల వెసులుబాటు, ఆ తరువాత ఎక్కువ రుసుముతో విడిపించుకోగలిగిన 30 రోజుల గడువు ఉంటాయి. అయితే ఆ రోజులలో కూడా రెన్యూ చేయవలసినది ఖాతా ఉన్న మనిషే. డాట్ ఇన్ పేర్ల వివాదాలకు నిక్సీ సంస్థ ఆధ్వర్యంలో మధ్యవర్తిత్వ విధానం ఉన్నది గానీ, దానికి ఖర్చూ సమయమూ పడతాయి. మీరు డబ్బు కట్టిన రసీదులు, నర్సరీ రిజిస్ట్రేషను కాగితాలు, పాత సందేశాలు ఇప్పుడే ఒకచోట చేర్చి ఉంచండి. మొక్కల ఫోటోలు, ధరల వివరాలు సైటులోంచి ఈ వారమే దించుకోండి. కొత్త ఖాతాలో పేరు ఒక కంపెనీ దగ్గర, హోస్టింగ్ మరో కంపెనీ దగ్గర ఉంచితే, ఒకరితో పేచీ వచ్చినా రెండూ ఒకేసారి ఇరుక్కోవు.

ప్రశ్న: మా గ్రంథాలయ సంఘానికి అయిదు పేజీల సైటు కావాలి. పుస్తకాల జాబితా, పనివేళలు, చిరునామా ఉంటే చాలు. ఏడాదికి ఎంత కేటాయించాలి?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: డొమైన్ రుసుము ఒక్కటే కేటాయించండి. డేటాబేసు అవసరం లేని ఇలాంటి స్థిరమైన పేజీలను గిట్‌హబ్ పేజెస్, క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ వంటివి ఉచితంగా నిలుపుతాయి. సంఘంలో కంప్యూటరు చదివిన పిల్లలెవరైనా ఉంటే ఒక సాయంత్రం పని.

ప్రశ్న: పాత కంపెనీ నుంచి కొత్తదానికి సైటు మార్చిన తరువాత మా తెలుగు వ్యాసాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారిపోయాయి. కొత్త కంపెనీవారు తమ తప్పు కాదంటున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వారి మాట నిజమే కావచ్చు. పాత డేటాబేసు లాటిన్ అక్షరాల అమరికలో (అక్షరాలను అంకెలుగా నిలవచేసే పద్ధతిలో) ఉండి, బయటికి తీసేటప్పుడో లోపలికి పెట్టేటప్పుడో అమరిక సరిపోకపోతే ఇలా జరుగుతుంది. తెలుగు అక్షరాలకు బదులు లాటిన్ అక్షరాల వింత గుంపులు కనిపిస్తుంటే చాలావరకు తిరిగి రాబట్టవచ్చు, ఎందుకంటే అసలు సమాచారం లోపలే ఉంటుంది. నిజంగానే ప్రశ్నార్థకాలుగా నిలవై ఉంటే ఆ ప్రతిలో తెలుగు ఇక లేనట్టే, పాత సర్వరు నుంచి మళ్లీ తెచ్చుకోవాలి. పాత ఖాతాను ఇంకా మూసివేయకపోతే ఒక నెల పొడిగించి, ఈసారి పాత డేటాబేసు ఏ అమరికలో ఉన్నదో చూసి అదే అమరికలో ఎగుమతి చేయించి, కొత్తచోట డేటాబేసును, పట్టికలను, కనెక్షనును మూడింటినీ తెలుగును నిలపగల యూటీఎఫ్8ఎంబీ4 అమరికలో ఉంచి దిగుమతి చేయించండి. వ్యాసాలన్నీ తెరిచి చూసుకొని, అవి సరిగా ఉన్నాయని తేలిన తరువాతే పాత ఖాతా రద్దు చేయండి.