కార్డు మార్చమని అడిగే ముందు ఎర్రర్ల నాడి పట్టి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. ర్యాక్‌లో ఈ1-ఈథర్నెట్ బ్రిడ్జ్ కార్డు (ఈ1 అనే టెలికాం లైనును ఆఫీసు కంప్యూటర్ నెట్‌వర్క్‌కు కలిపే కార్డు) పెట్టారు, అవతలి ఆఫీసులోనూ అలాంటిదే ఉంది. రెండు చోట్లా లైట్లు పచ్చగానే ఉన్నాయి, పింగ్ (అవతలి కొస పలుకుతోందా అని చూసే చిన్న సందేశం) వెళ్తోంది. కానీ వీడియో కాల్ మాటిమాటికీ బిగుసుకుపోతోంది, పెద్ద ఫైలు నత్తనడక నడుస్తోంది. కార్డు పాడైందనుకుని కొత్తది తెప్పించాలా అని అడుగుతున్నారు.

ఇప్పుడే తెప్పించకండి. అచ్చం ఇదే కష్టం నేనూ పడ్డాను. ఒక సంస్థకు విజయవాడలో హెడ్ ఆఫీసు, మచిలీపట్నంలో బ్రాంచి ఉండేవి. మధ్యలో లీజుకు తీసుకున్న ఈ1 లైను, రెండు కొసల్లో ర్యాకులో దూర్చే బ్రిడ్జ్ కార్డులు. నేను ముందు విజయవాడ కార్డు మార్చాను, తర్వాత మచిలీపట్నం కార్డు కూడా మార్చాను. ఏమీ తేడా రాలేదు. మూడు వారాలు రెండు ఊళ్ల మధ్య తిరిగాక ఒకరోజు కుదురుగా కూర్చుని, ఒక పెద్ద ఫైలు కాపీ పెట్టి, కన్సోల్‌లో ఆ కార్డు ఎర్రర్ కౌంటర్‌ను మాత్రమే చూస్తూ ఉండిపోయాను. దాదాపు నాలుగు సెకన్లకొకసారి అంకె కదులుతోంది. గంట సేపు చూసినా అదే వరస. లైనులో నాయిస్ ఉంటే అంత క్రమంగా రాదు. తప్పు క్లాక్‌ది, అంటే బిట్లను ఏ వేగంతో పంపాలో నడిపించే గడియారానిది అని అప్పుడు తట్టింది.

ఎందుకో చెప్తాను. ఈ1 లైను సెకనుకు 20,48,000 బిట్లతో నడుస్తుంది. అందులో 256 బిట్లు ఒక ఫ్రేమ్, సెకనుకు 8000 ఫ్రేములు. కార్డులో ఆ క్లాక్‌ను నడిపే క్రిస్టల్ పది లక్షలకు 50 వంతుల దాకా అటూ ఇటూ ఉండొచ్చని ప్రమాణాలే ఒప్పుకుంటాయి. మా లైను టెలికాం వాళ్ల క్రాస్ కనెక్ట్ (లైన్లను ఒకదానితో ఒకటి కలిపే పరికరం) గుండా పోతుంది, దానికి తన సొంత క్లాక్ ఉంటుంది. మా కార్డులు రెండూ ఇంటర్నల్ క్లాక్ మీదే, అంటే దేని సొంత గడియారం మీద అదే ఉండిపోయాయి, డబ్బాలోంచి తీసినప్పుడు ఉన్న సెట్టింగ్‌ను నేను ముట్టుకోలేదు. పది లక్షలకు 30 వంతుల తేడా ఉందనుకోండి, సెకనుకు సుమారు 61 బిట్లు ఎక్కువో తక్కువో అవుతాయి. నాలుగు సెకన్లు గడిచేసరికి తేడా 256 దాటుతుంది, అప్పుడు ఆ క్రాస్ కనెక్ట్ ఒక ఫ్రేమ్‌ను పారేస్తుంది, లేదా పాతదాన్నే మళ్లీ పంపుతుంది. దీన్నే స్లిప్ అంటారు. ఆ క్షణంలో లైను మీద ఉన్న ప్యాకెట్ పాడైపోతుంది. సెకనుకొక చిన్న పింగ్ పంపితే లైను దాదాపు ఖాళీగా ఉంటుంది కాబట్టి దెబ్బ దానికి తగలదు. వీడియో కాల్‌కు మాత్రం తగులుతూనే ఉంటుంది. అందుకే పింగ్ బాగుంది కదా అని లైను బాగుందనుకోకండి.

మీ లైను టెలికాం సంస్థ నుంచి వచ్చేదైతే, దాని క్లాక్ నెట్‌వర్క్ నుంచే వస్తుంది కాబట్టి రెండు కార్డుల్నీ లైను క్లాక్ మీద, అంటే లైను నుంచి వచ్చే వేగాన్నే అనుసరించేలా పెట్టండి. కొన్ని మెనూల్లో దాన్ని లూప్ అనో రికవర్డ్ అనో రాస్తారు. అలా కాకుండా రెండు భవనాల మధ్య మీ సొంత తీగే ఉంటే, ఒక కొస ఇంటర్నల్, రెండో కొస లైను క్లాక్. రెండూ లైను క్లాక్ మీద ఉంటే ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటూ ఇద్దరూ దారి తప్పుతారు. నేను రెండూ మార్చి, సేవ్ చేసి, కౌంటర్ సున్నా చేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున చూస్తే సున్నాయే ఉంది. మూడు వారాల టెన్షన్ ఆ ఒక్క సెట్టింగ్‌తో పోయింది.

మీ కౌంటర్ క్రమంగా కాకుండా ఇష్టం వచ్చినట్టు పెరుగుతుంటే కేబుల్ చూడండి. బీఎన్‌సీ కనెక్టర్లు (గుండ్రని కోయాక్సియల్ కేబుల్‌కు బిగించేవి) 75 ఓమ్‌లవి, ఆర్‌జే45 జత తీగలు 120 ఓమ్‌లవి. కార్డు మీద జంపరో స్విచ్చో ఉంటే మీరు వాడే దానికి సరిపోయిందో లేదో చూసుకోండి. మచిలీపట్నంలో సముద్రపు గాలికి బీఎన్‌సీ లోపల తుప్పు పట్టేది. తీసి కొత్తది క్రింప్ చేస్తే ఎర్రర్లు ఆగిపోయిన రోజులు ఉన్నాయి.

ఎర్రర్లు ట్రాఫిక్ పెరిగినప్పుడే వస్తుంటే ఈథర్నెట్ వైపు చూడాలి. స్విచ్ పోర్టును ఎవరో 100 ఫుల్ డూప్లెక్స్ (ఒకేసారి పంపడం, అందుకోవడం) అని బిగించేసి ఉంటారు, కార్డు ఆటోలో (అవతలి పోర్టుతో మాట్లాడి పద్ధతి తేల్చుకునే సెట్టింగ్‌లో) ఉంటుంది. అప్పుడు కార్డుకు అవతలి నుంచి జవాబు రాక హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒక వైపే) అనుకుంటుంది. రెండు వైపులా ఆటో, లేదా రెండు వైపులా ఒకేలా బిగించండి. సగం సగం వద్దు. ఇంకో మాట, వీఎల్ఏఎన్ ట్యాగ్ (ఒకే తీగ మీద వేర్వేరు నెట్‌వర్క్‌లను విడదీసే గుర్తు) వాడుతుంటే ఈథర్నెట్ ఫ్రేమ్ 1518 బైట్ల నుంచి 1522 అవుతుంది, కొన్ని పాత కార్డులు దాన్ని పారేస్తాయి. 1472 బైట్ల పింగ్‌ను ముక్కలు చేయవద్దని చెప్పి పంపితే తెలిసిపోతుంది.

లైను వేగం గురించి కూడా ఒకసారి లెక్క వేసుకోండి. ఫ్రేమ్‌తో వాడితే అందులోని 31 స్లాట్లే (భాగాలే) మీకు, అంటే సెకనుకు 1984 కిలోబిట్లు, 248 కిలోబైట్లు. 100 మెగాబైట్ల ఫైలుకు దాదాపు ఏడు నిమిషాలు పట్టడం మామూలే. నా దగ్గరికి వచ్చిన ఫిర్యాదుల్లో చాలా వాటికి ఈ లెక్కే జవాబు. ఎదురుగా 100 మెగాబిట్ల పోర్టు ఉందని ఆశ పెట్టుకుంటారు, కానీ లైను రెండు మెగాబిట్లదే.

ఇప్పుడు ఒక హెచ్చరిక, ఇది నాకు బాగా నష్టం చేసింది. కార్డును పరీక్షించడానికి లూప్ (వచ్చినదాన్ని వచ్చినట్టే వెనక్కి తిప్పి పంపడం) పెట్టాల్సి వస్తే, ముందు ఈథర్నెట్ కేబుల్ తీసేయండి. నేను ల్యాన్ (ఆఫీసు నెట్‌వర్క్) కలిపి ఉండగానే అవతలి కార్డుకు లూప్ కమాండ్ ఇచ్చాను. మనం పంపిన ఫ్రేములు మనకే తిరిగి వచ్చాయి. స్విచ్ హెడ్ ఆఫీసు కంప్యూటర్ల అడ్రసులన్నీ బ్రిడ్జ్ వైపు ఉన్నాయని నేర్చుకుంది. పదకొండు గంటల వేళ, కౌంటర్ల ముందు జనం నిలబడి ఉండగా, ఆఫీసంతా ఆగిపోయింది. లూప్ తీసేదాకా కదల్లేదు. అందుకే ఈ పని రాత్రి చేసినా, కేబుల్ చేతికి తీశాకే చేయండి.

కార్డు మళ్లీ బయటికి తీయాల్సి వస్తే, ముందు మీటరుతో సప్లై చూడండి. ఎక్స్ఛేంజి గదుల్లో మైనస్ 48 వోల్టులు ఉంటుంది, ప్లస్ వైపు భూమికి కలిపి ఉంటుంది, బ్యాటరీలు ఫ్లోట్‌లో (నిండిన ఛార్జిని నిలిపి ఉంచే స్థితిలో) ఉంటే మీటరు మైనస్ 54 దగ్గర చూపిస్తుంది, భయపడకండి. మణికట్టుకు స్టాటిక్ కరెంటును భూమిలోకి పంపే పట్టీ కట్టుకోండి. కార్డు అంచులు రెండూ పట్టాల్లో సరిగ్గా కూర్చున్నాకే లోపలికి నెట్టండి. అడ్డు తగిలితే బలం పెట్టకండి, వెనక బోర్డు పిన్ను వంగితే ఆ స్లాటు పనికి రాకుండా పోతుంది. ఖాళీ స్లాట్లకు మూత రేకులు బిగించండి, లేకపోతే ఫ్యాన్ గాలి కార్డులకు అందదు.

ముందు రెండు కొసల్లోనూ క్లాక్ సెట్టింగ్ ఏముందో, ఫైలు కాపీ పెట్టాక కౌంటర్ ఎన్ని సెకన్లకు కదులుతోందో ఇక్కడ రాయండి. ఆ రెండూ తెలిస్తే కార్డు సంగతి నేను చెప్తాను.