ప్రశ్న – జవాబు: ఏ పిస్టల్ ఎంత తేలిగ్గా ఊడి వస్తుంది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే. షూటింగ్ రేంజి నుంచి వచ్చాక శుభ్రం చేయడానికి పిస్టల్‌ను ఎంతవరకు విప్పాలి, తిరిగి కూర్చేటప్పుడు ఎందుకు మొరాయిస్తుంది అని అడిగారు. వాటిలో కొన్నిటికి ఇక్కడ జవాబిస్తున్నాం. అన్ని మోడళ్లకూ ముందు చేయాల్సిన పని ఒకటే కాబట్టి దాన్ని మొదటే చెబుతాం.

మొదట మ్యాగజైన్ (తూటాలుండే పెట్టె) తీయాలి, ఆ తర్వాతే స్లైడ్ (పైన ముందుకూ వెనక్కీ జారే భాగం) లాగాలి. ఈ వరస తప్పితే ఏమవుతుందో చూడండి. స్లైడ్ లాగగానే ఛాంబర్లో (పేలడానికి తూటా కూర్చునే అరలో) ఉన్న తూటా ఎగిరి బయటపడుతుంది. స్లైడ్ ముందుకు వస్తూ మ్యాగజైన్‌లోంచి ఇంకో తూటాను లోపలికి తోసేస్తుంది. తూటా బయటపడటం కళ్లారా చూశాం కాబట్టి ఖాళీ అయిపోయిందనే అనుకుంటాం. అందుకే మ్యాగజైన్ తీశాక స్లైడ్‌ను వెనక్కి ఆపి, వెలుతురులో ఛాంబర్‌లోకి చూడాలి. ఆ తర్వాత చిటికెన వేలు పెట్టి తడిమి కూడా చూడాలి. తూటాలను పని చేసే బల్ల మీద ఉంచకూడదు, వేరే గదిలో పెట్టేయాలి. కళ్లద్దాలు లేనివాళ్లు ప్లాస్టిక్ రక్షణ కళ్లద్దాలైనా పెట్టుకోవాలి. స్ప్రింగ్‌తో పని ఇది.

ప్రశ్న: గ్లాక్ 17, సిగ్ పీ320, 1911 రకం పిస్టల్ మూడూ రేంజిలో అద్దెకు తీసుకుని కాల్చాను. ఒకటి కొనాలనుకుంటున్నాను. ఇంట్లో శుభ్రం చేసుకోవడానికి ఏది సులువు?
– డాలస్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఎన్ని సెకన్లలో ఊడుతుందన్నది పెద్ద తేడా కాదు. అలవాటైతే మొదటి రెండూ పది సెకన్ల పనే. చూడాల్సినవి వేరే రెండున్నాయి. విప్పడానికి ట్రిగ్గర్ నొక్కాలా వద్దా అన్నది ఒకటి. కూర్చేటప్పుడు తప్పు చేయడానికి ఎంత సందు ఇస్తుందన్నది రెండోది.

గ్లాక్‌ను విప్పాలంటే ట్రిగ్గర్ నొక్కి తీరాలి. ఖాళీ చేసి, చూసి, తడిమి, మళ్లీ ఒకసారి చూసి, తూటా దూరి బయటికి పోలేని వైపు గురిపెట్టి ట్రిగ్గర్ నొక్కండి. తర్వాత కుడిచేతి నాలుగు వేళ్లు స్లైడ్ మీదుగా వేసి, బొటనవేలు పిడి వెనక ఆనించి, స్లైడ్‌ను 3 మిల్లీమీటర్లు మాత్రమే వెనక్కి లాగండి. అలా పట్టుకునే ఎడమచేతి వేళ్లతో ట్రిగ్గర్ పైన రెండు పక్కలా ఉన్న చిన్న పట్టీని కిందికి లాగి, స్లైడ్‌ను ముందుకు జారనివ్వండి. స్లైడ్ బయటికొస్తుంది. దాంట్లోంచి స్ప్రింగ్‌ను, బ్యారెల్‌ను (గొట్టాన్ని) తీస్తే చేతిలో నాలుగే ముక్కలు. మామూలు శుభ్రానికి అంతకు మించి విప్పే అవసరం లేదు.

కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఆ 3 మిల్లీమీటర్ల దగ్గరే. కాస్త ఎక్కువ లాగితే ట్రిగ్గర్ మళ్లీ ముందుకు వచ్చి కూర్చుంటుంది. ఇక పట్టీని ఎంత లాగినా స్లైడ్ ఊడదు. బలం పెట్టకండి, మొదటి నుంచి చేయండి. మొదటి నుంచి అంటే ఛాంబర్ చూడటంతో సహా. విసుగులో ఆ ఒక్క మెట్టు దాటేసి మళ్లీ ట్రిగ్గర్ నొక్కినప్పుడే ప్రమాదాలు జరుగుతాయి. కూర్చడంలో మాత్రం గ్లాక్ చాలా మంచిది. స్ప్రింగ్ కడ్డీ వెనక చివర బ్యారెల్ కింద ఉన్న అర్ధచంద్రాకారపు గాడిలో కూర్చుందో లేదో చూసుకుంటే చాలు. స్లైడ్‌ను పట్టాల మీదకు ఎక్కించి పూర్తిగా వెనక్కి లాగితే పట్టీ దానంతటదే పైకి లేచి పట్టుకుంటుంది.

పీ320కి ట్రిగ్గర్ నొక్కే పని లేదు. మ్యాగజైన్ తీసి, స్లైడ్‌ను వెనక్కి ఆపి, ఎడమ పక్కనున్న లీవర్‌ను గడియారం ముల్లు తిరిగే దిశలో కిందికి తిప్పాలి. తర్వాత స్లైడ్‌ను చేత్తో పట్టుకుని నెమ్మదిగా ముందుకు వదిలితే ఊడి వస్తుంది. మ్యాగజైన్ లోపల ఉన్నా, స్లైడ్ ముందుకు ఉన్నా ఆ లీవర్ తిరగదు. అంటే ఛాంబర్ తెరుచుకుని కంటికి కనిపిస్తున్నప్పుడే అది విడిపోతుంది. శుభ్రం చేసుకునే సౌకర్యం ఒక్కటే చూస్తే, కొత్తవాళ్లకు మా ఓటు ఈ పద్ధతికే. బెరెట్టా 92లోనూ ట్రిగ్గర్ జోలికి పోనక్కర్లేదు. కుడి పక్క బొత్తాం నొక్కి, ఎడమ పక్క లీవర్ తిప్పితే స్లైడ్, బ్యారెల్, స్ప్రింగ్ మొత్తం ముందుకు వచ్చేస్తాయి.

1911 సంగతి వేరు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన ఈ పిస్టల్‌ను అమెరికా సైన్యం 1911లో తీసుకుంది. అందం, ట్రిగ్గర్ నాణ్యత అన్నీ సరే, కానీ విప్పడానికి ఓపిక కావాలి. ముందు గొట్టం మూతి కింద ఉన్న గుండ్రటి మూతను బొటనవేలితో లోపలికి నొక్కిపట్టి, మూతి చుట్టూ ఉన్న బుషింగ్‌ను పక్కకు తిప్పాలి. ఆ మూత వెనక స్ప్రింగ్ పూర్తి ఒత్తిడిలో ఉంటుంది. 5 అంగుళాల .45 మోడల్లో మామూలుగా 16 పౌండ్ల స్ప్రింగ్ వేస్తారు. బొటనవేలు జారితే మూత గది అవతలికి ఎగురుతుంది, ఎదురుగా కన్నుంటే కంటికే తగులుతుంది. కళ్లద్దాలు పెట్టుకోమన్నది ప్రధానంగా ఇందుకే. తర్వాత స్లైడ్‌ను కొంచెం వెనక్కి లాగి, దాని ఎడమ అంచున ఉన్న అర్ధచంద్రాకారపు గంటు స్లైడ్ స్టాప్ (స్లైడ్‌ను వెనక ఆపే మీట) వెనక కొసకు ఎదురుగా వచ్చాక, కుడి పక్క నుంచి పిన్నును నొక్కి స్లైడ్ స్టాప్‌ను బయటికి లాగాలి.

కూర్చేటప్పుడు రెండు చిక్కులున్నాయి. బ్యారెల్ కింద వేలాడే చిన్న లింకు రంధ్రం, ఫ్రేమ్ (పిడి, ట్రిగ్గర్ ఉండే కింది భాగం) రంధ్రం ఒకే వరసలోకి రాకపోతే పిన్ను సగంలో ఆగిపోతుంది. సుత్తితో కొట్టకండి. స్లైడ్‌ను వెలుతురుకెత్తి రంధ్రంలోంచి చూస్తూ కొద్దిగా అటూ ఇటూ కదిపితే లింకు దారికొస్తుంది. రెండో చిక్కు, స్లైడ్ స్టాప్‌ను చివరి మెట్టులో లోపలికి తోసేటప్పుడు దాని కొస ఒక స్ప్రింగు మొనకు తట్టుకుని ఆగుతుంది. అప్పుడు కింది నుంచి పైకి రాస్తూ తోస్తే ఫ్రేమ్ మీద విల్లు ఆకారంలో ఒక గీత పడుతుంది. సెకండ్ హ్యాండ్ 1911 చూడబోతే ముందు ఆ గీత ఉందేమో చూడండి, పాత యజమాని చేతి నేర్పు తెలిసిపోతుంది. గీత పడకూడదంటే ఫ్రేమ్ మీద అక్కడ టేపు ముక్క అంటించండి. ఆ మొనను పాత ఏటీఎం కార్డు మూలతో వెనక్కి నొక్కిపట్టి, స్లైడ్ స్టాప్‌ను పక్కకు రాయకుండా నేరుగా లోపలికి తోయండి.

ప్రశ్న: మా దగ్గర 9 ఎంఎం 1ఎ పిస్టళ్లు. ఖోల్నా-జోడ్నా (విప్పి తిరిగి జోడించే) పరీక్షలో అన్నీ సరిగ్గా జోడించినా ట్రిగ్గర్ నొక్కితే హామర్ (వెనకనుండే సుత్తి ముక్క) పడలేదు. పార్టు పోయిందా, నేనే తప్పు జోడించానా?
– ఒక పోలీసు కానిస్టేబుల్, వరంగల్

జవాబు: చాలావరకు రెండూ కావు. మ్యాగజైన్ పెట్టి ఉండరు. ఈశాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ తయారుచేసే 1ఎ పిస్టల్‌కు మూలం 1935 నాటి బ్రౌనింగ్ హైపవర్. మ్యాగజైన్ లేనిదే ట్రిగ్గర్ పనిచేయకుండా ఆపే ఏర్పాటు ఆ డిజైన్‌లోనే ఉంది. ఖాళీ మ్యాగజైన్ పెట్టి, గొట్టాన్ని సురక్షితమైన వైపు తిప్పి నొక్కి చూడండి, హామర్ పడుతుంది. అప్పటికీ పడకపోతే ఆర్మరర్‌కు (ఆయుధాలు బాగుచేసేవారికి) చూపించండి, మీరు లోపలికి విప్పకండి. ‘మ్యాగజైన్ తీశాను, ఇక ట్రిగ్గర్ పనిచేయదు’ అన్న ధీమా మాత్రం వేరే పిస్టళ్ల దగ్గరికి మోసుకుపోవద్దు. గ్లాక్‌లో ఆ ఏర్పాటు లేదు. మ్యాగజైన్ తీసినా ఛాంబర్లో తూటా ఉంటే పేలుతుంది.

విప్పే వరస మీకు తెలిసిందే అయినా, తప్పే చోటు చెబుతాం. స్లైడ్‌ను వెనక్కి లాగి సేఫ్టీని (పొరపాటున పేలకుండా ఆపే మీటను) పైకి ఎత్తితే అది స్లైడ్ గంటులో పడి స్లైడ్‌ను ఆపి ఉంచుతుంది. కుడి పక్క నుంచి పిన్ను నొక్కి స్లైడ్ స్టాప్ లాగేశాక, స్లైడ్‌ను గట్టిగా పట్టుకుని మరీ సేఫ్టీ దించాలి. పట్టుకోకుండా దించితే స్లైడ్ ముందుకు దూసుకుపోయి నేల మీద పడుతుంది. జోడించేటప్పుడు స్ప్రింగ్ గైడ్ తలలోని రంధ్రం సరిగ్గా ఎదురుగా ఉండాలి. పిన్ను లోపలికి వెళ్లినప్పుడు గైడ్ తలలో ఉన్న చిన్న గోళీ దాన్ని పట్టుకుంటుంది. ఆ పట్టు వేలికి తెలుస్తుంది. తెలియకపోతే పిన్ను పూర్తిగా పోలేదని అర్థం.

ప్రశ్న: మకరోవ్ పిస్టల్ సేకరణ కోసం కొన్నాను. స్లైడ్ ఎలా తీయాలో తెలియక అలాగే పెట్టేశాను.
– హ్యూస్టన్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: ఇంతకంటే తేలికైనది వెతికినా దొరకడం కష్టం. సేఫ్టీ వేసి ఉంటే స్లైడ్ కదలదు కాబట్టి ముందు దాన్ని తీసేయండి. మ్యాగజైన్ తీసి, ఛాంబర్ చూసి, ట్రిగ్గర్ చుట్టూ ఉన్న కమ్మీ ముందు భాగాన్ని కిందికి లాగి, కొద్దిగా పక్కకు జరిపి ఫ్రేమ్‌కు ఆనించి పట్టుకోండి. స్లైడ్‌ను పూర్తిగా వెనక్కి లాగి, వెనక భాగం పైకెత్తి, ముందుకు జార్చండి. బ్యారెల్ ఫ్రేమ్‌కే బిగించి ఉంటుంది, స్ప్రింగ్ దాని చుట్టూ ఉంటుంది. స్ప్రింగ్‌ను తీశాక రెండు కొసలూ వేలి మీద పెట్టి చూడండి. ఒక కొస చుట్టు కాస్త ఇరుకుగా ఉంటుంది. తిరిగి తొడిగేటప్పుడు ఆ ఇరుకు కొస ముందుగా బ్యారెల్ మీదకు ఎక్కాలి. తారుమారైతే స్ప్రింగ్ వదులుగా జారుతుంది. పాత సోవియట్ తరహా మిగులు తూటాలు కాల్చితే మాత్రం అదే రోజు శుభ్రం చేయాలి. వాటిలో చాలావాటి ప్రైమర్ (తూటా అడుగున నిప్పు రాజేసే మందు) ఉప్పులాంటి పదార్థాన్ని వదులుతుంది, అది గాలిలో తేమను పీల్చి తుప్పు పట్టిస్తుంది. ఆ ఉప్పు నూనెకు కరగదు, నీటికే కరుగుతుంది. వేడినీళ్లతో బ్యారెల్ కడిగి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాత నూనె రాయండి.

ప్రశ్న: రూగర్ మార్క్ 3, .22 పిస్టల్. విప్పడం వచ్చింది, రెండు గంటలు కష్టపడినా తిరిగి బిగించలేకపోయాను. హామర్ దగ్గర పట్టేస్తోంది.
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

జవాబు: తిరిగి బిగించడం కష్టమన్న పేరు ఈ పిస్టల్‌కు ఎప్పటినుంచో ఉంది, మీ తప్పేం లేదు. హామర్‌కు వేలాడే చిన్న కడ్డీ, పిడి వెనక భాగంలో ఉన్న స్ప్రింగ్ గిన్నెలో పడాలి. పక్కకు ఆనుకుంటే వెనక భాగం మూసుకోదు, లేదా మూసుకున్నా బోల్టు (ఇందులో స్లైడ్‌కు బదులు ముందుకూ వెనక్కీ జారే ముక్క) వెనక్కి రాదు. బలవంతంగా మూయకండి. మళ్లీ తెరిచి, హామర్ పూర్తిగా ముందుకు పడి ఉండేలా చూసుకుని, పిస్టల్‌ను వంచుతూ ఆ కడ్డీ స్వేచ్ఛగా ఊగుతోందా లేదా కంటితో చూసి, అది గిన్నెకు ఎదురుగా వచ్చినప్పుడే నెమ్మదిగా మూయండి. మార్క్ 3లో మ్యాగజైన్ లేకపోతే హామర్ పడదు కాబట్టి మధ్యలో ఖాళీ మ్యాగజైన్ పెట్టి తీయాల్సి వస్తుంది. సగం అయోమయం అక్కడే. 2016లో వచ్చిన మార్క్ 4లో ఈ బాధ లేదు. సేఫ్టీ వేసి, వెనక బొత్తాం నొక్కితే పై భాగం తలుపులా తెరుచుకుంటుంది. ఇంకో మాట, .22కు ప్రతిసారీ బ్యారెల్ తోమనక్కర్లేదు. సీసం, మైనం కలిసిన జిడ్డు పేరుకునేది ఛాంబర్ అంచున, బోల్టు ముఖం మీద, కాలిన తూటా గొట్టాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద. పళ్లు తోముకునే బ్రష్షు లాంటి నైలాన్ బ్రష్షుతో అక్కడ శుభ్రం చేస్తే తూటా ఇరుక్కోవడం చాలావరకు ఆగిపోతుంది. పనయ్యాక చేతులు సబ్బుతో కడిగే అన్నం ముట్టండి. సీసం విషం.

ప్రశ్న: లైసెన్సున్న .32 పిస్టల్ ఉంది. సముద్రపు గాలికి తుప్పు పడుతోంది. కొబ్బరి నూనె రాస్తున్నాను. కుట్టుమిషన్ నూనె మంచిదంటున్నారు. ఏది వాడాలి?
– ఒక మాజీ సైనికుడు, విశాఖపట్నం

జవాబు: కొబ్బరి నూనె వెంటనే మానేయండి. చలికాలం తెల్లవారుజామున అది సీసాలోనే పేరుకుంటుంది కదా, పిస్టల్ లోపలా అంతే. పైగా రోజులు గడిచేకొద్దీ జిగురవుతుంది, దానికి మసి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. కుట్టుమిషన్ నూనె ఖనిజ నూనె, పలచన. కదిలే భాగాలకు పరవాలేదు, కానీ త్వరగా ఆరిపోతుంది కాబట్టి తుప్పును ఎక్కువ రోజులు ఆపదు. తుపాకుల కోసమే తయారుచేసిన నూనె దొరికితే అదే వాడండి. స్లైడ్ పట్టాలకు ఒక్కో చుక్క, బ్యారెల్ స్లైడ్‌తో రాసుకుని మెరిసిన చోట ఒక చుక్క చాలు. ఫైరింగ్ పిన్ (తూటాను పొడిచి పేల్చే సూది) రంధ్రంలో మాత్రం నూనె పోయకండి. మసితో కలిసి పిన్నుకు దెబ్బ కొట్టే బలం తగ్గిస్తుంది, అప్పుడు తూటా పేలదు.

బ్యారెల్‌కు వరస ఇది. సాల్వెంటులో (మసిని కరిగించే ద్రావకంలో) తడిపిన గుడ్డ పీలికను ఛాంబర్ వైపు నుంచి తోయండి. పది నిమిషాలు ఆగి, కంచు బ్రష్షును ఏడెనిమిదిసార్లు ఆడించండి. ప్రతిసారీ బ్రష్షు మూతి దాటి పూర్తిగా బయటికొచ్చాకే వెనక్కి లాగాలి, మధ్యలో తిప్పితే కుచ్చు వంగి పాడవుతుంది. పొడి పీలికలు తెల్లగా వచ్చేదాకా తోసి, చివరిగా నూనె అంటీ అంటనట్టున్న పీలిక ఒకటి. మీ పిస్టల్ మీద నికెల్ పూత ఉంటే అమ్మోనియా వాసన వచ్చే సాల్వెంట్లు వద్దు, పూత కింద చేరి పొరలు లేపుతాయి.

తుప్పుకు అసలు కారణం నూనె కంటే మీ తోలు హోల్‌స్టరే (పిస్టల్ పెట్టుకునే ఒరే) కావచ్చు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, తోలు శుద్ధి చేసేటప్పుడు వాడిన ఉప్పులూ అందులో ఉంటాయి. పిస్టల్‌ను అందులో పెట్టి బీరువాలో దాచకండి. చేతి చెమట తగిలిన ప్రతిసారీ నూనె గుడ్డతో పైన తుడిచి, తోలు లేకుండా, సిలికా జెల్ పొట్లం ఒకటి పక్కన పెట్టి తాళం వేయండి. మీ ఊళ్లో ఆ పొట్లం వానాకాలంలో త్వరగా నిండిపోతుంది, నెలకోసారి మార్చండి.