పాత పెద్ద కత్తులు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: రెండో ప్రపంచ యుద్ధం నాటి కేబార్ కత్తి దొరికింది. ఏడంగుళాల అలుగు, తోలు వాషర్ల పిడి. అలుగు నల్లబడింది, అక్కడక్కడ ఎర్ర తుప్పు కూడా ఉంది. బఫింగ్ చక్రం పెట్టించి తళతళలాడేలా చేయించవచ్చా?

జవాబు: వద్దే వద్దు. అమెరికా మెరైన్లు 1942లో చేపట్టిన ఈ కత్తుల అలుగు కార్బన్ ఉక్కు, పైన ఫాస్ఫేట్ పూత. మీరు చూస్తున్న నలుపు ఆ పూత అయినా అయి ఉండాలి, ఏళ్ల తరబడి పట్టిన నల్ల ఆక్సైడయినా అయి ఉండాలి. రెండూ ఉండాల్సినవే. చక్రం పెడితే అవి పోతాయి, అలుగు మీది తయారీదారు ముద్ర అంచులు అరిగిపోతాయి. ఇదే నమూనాను కామిల్లస్, యూనియన్ కట్లరీ, రోబెసన్, పాల్ సంస్థలు తయారుచేశాయి. మీది ఎవరిదో తేల్చేది ఆ ముద్రే. పైగా చక్రం వేడికి పలుచని వాదర దగ్గర టెంపర్, అంటే ఉక్కుకు కాచి తెచ్చిన గట్టిదనం, దిగిపోతుంది. పోయిన టెంపర్ సాన పడితే తిరిగి రాదు.

తీయాల్సింది ఎర్ర తుప్పు ఒక్కటే. పలుచని మెషీన్ నూనె రాసి ఒక రోజు వదిలేయండి. తర్వాత రాగి రేకు అంచుతో గీకండి. రాగి ఉక్కు కంటే మెత్తన కనుక తుప్పు లేస్తుంది, అలుగు మీద గీతలు పడవు. ఇంకా మొండికేస్తే 0000 నంబరు స్టీల్ ఊల్‌ను (అతి సన్నని ఉక్కు పీచు) నూనెలో ముంచి, అలుగు పొడవునా తేలిగ్గా రుద్దండి. ఎరుపు పోయి నలుపు కనబడగానే ఆపేయాలి. అడుగున గుంటలుంటే ఉండనివ్వండి. వాటిని చదును చేయబోతే అలుగే పలచబడుతుంది. వెనిగర్‌లో నానబెట్టమని సలహా ఇచ్చేవారు చాలామంది. అది తుప్పుతోపాటు ఫాస్ఫేట్ పూతనూ తినేస్తుంది. చివర్లో స్పిరిట్‌తో నూనె తుడిచి, ఆరాక మైక్రోక్రిస్టలైన్ మైనం పలుచగా పట్టించండి. జిడ్డు మీద మైనం నిలవదు.

ప్రశ్న: ఇదే రకం కత్తికి తోలు వాషర్లు వదులై పిడి కదులుతోంది. పిడి చివరనున్న లోహపు బిళ్ళను సుత్తితో కొట్టి బిగించవచ్చా?

జవాబు: కొట్టకండి. లోపలి ఉక్కు తోక (పిడిలోకి దూరి ఉండే అలుగు భాగం) వంగవచ్చు, తుప్పు తినేసి ఉంటే విరగవచ్చు. తోలు ఎండి కుదించుకుపోవడం వల్లే ఈ వదులు. తోలుకు వాడే మైనం పలుచగా రాసి, రోజు ఆగి మళ్లీ రాయండి. కొద్దిపాటి వదులైతే దానితో సరిపోతుంది. నీళ్లలో ముంచితే ఉబ్బి బిగిసినట్టే ఉంటుంది కానీ, ఆరగానే మొదటికొస్తుంది, లోపల తోక తుప్పు పడుతుంది. నూనెలో నానబెట్టినా తోలు మెత్తబడి చెడిపోతుంది.

ప్రశ్న: ఇంగ్లాండ్‌లో కత్తులకు పేరున్న షెఫీల్డ్‌లో చేసిన, దంతం పిడి ఉన్న బోవీ కత్తి (అమెరికన్ తరహా పెద్ద కత్తి), 1850ల నాటిదని చూపిస్తున్నారు. ముద్రలో "ఇంగ్లాండ్" అని ఉంది. నమ్మవచ్చా?

జవాబు: ఆ పదమే అనుమానించాల్సింది. 1890 నాటి మెకిన్లీ సుంకాల చట్టం వల్లే అమెరికాకు వచ్చే సరుకుపై దేశం పేరు తప్పనిసరి అయింది. కాబట్టి ఆ ముద్ర ఉన్నది చాలావరకు ఆ తర్వాతిదే. లేనంత మాత్రాన పాతదని కూడా కాదు. తర్వాత భూతద్దంతో చూడండి: తుప్పు గుంటలను కోసుకుంటూ ముద్ర పడి ఉంటే, కత్తి పాతబడ్డాక కొట్టిన ముద్ర అది. ఇక పిడి. ఏనుగు దంతమైతే అడ్డకోత ముఖంలో ఒకదాన్నొకటి ఖండించుకునే సన్నని వంపు గీతలు కనిపిస్తాయి, ఎముకలో నల్లని చుక్కలు, సన్నని పీచు గీతలు ఉంటాయి. నిజంగా దంతమే అయితే చిక్కు మరోలా ఉంటుంది. అంతరించిపోతున్న జీవుల వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ అంతర్జాతీయ ఒప్పందం వల్ల దాన్ని దేశం దాటించడానికి అనుమతి పత్రాలు కావాలి, కొన్ని దేశాల్లో అమ్మకమూ కుదరదు. కొనే ముందే తేల్చుకోండి.

ప్రశ్న: అన్నిటికీ నూనె రాసి పెట్టెలో పెట్టాను. ఒక మూలన ఉన్నవి మాత్రం తుప్పు పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: ఆ మూలన సెల్యులాయిడ్ (పాతకాలపు ప్లాస్టిక్) పిడి కత్తి ఉందేమో చూడండి. తాబేటి చిప్పలాంటి రంగు, కర్పూరం వాసన, చీలికలు దాని గుర్తులు. పాతబడిన సెల్యులాయిడ్ నైట్రోజన్ ఆక్సైడ్లు వదులుతుంది. గాలిలోని తేమతో కలిస్తే అది నైట్రిక్ ఆమ్లం. పక్క కత్తులను తినేది అదే. దాన్ని విడిగా, గాలి ఆడే చోట ఉంచండి. సంచిలో బిగించి కట్టవద్దు. వేడికి, మంటకు దూరంగా ఉంచండి, చాలా త్వరగా అంటుకుంటుంది. అసిటోన్ కూడా దగ్గరికి రానివ్వకండి, కరిగిపోతుంది.

ఒరలో పెట్టి దాచినా ఇంతే. తోలులో ఆమ్లం, తేమ రెండూ ఉంటాయి. రివెట్ల చుట్టూ పచ్చని చిలుము పట్టిందంటే లోపల అలుగూ దెబ్బతింటోందని లెక్క. కత్తి వేరు, ఒర వేరు. ఏది దేనిదో చీటీ కట్టండి.

ప్రశ్న: తొమ్మిదంగుళాల పాత బోవీని దాని అసలు ఒరలోనే నడుముకు కట్టుకుని అడవి క్యాంపుకు వెళ్లవచ్చా?

జవాబు: కత్తిని తీసుకెళ్లండి, ఒరను ఇంట్లో ఉంచండి. పాత దారం పుచ్చి ఉంటుంది. వాదర కుట్లను కోసుకుని బయటికొచ్చి తొడను చీరుతుంది. కొత్తది చేయించేటప్పుడు వెజిటబుల్ టాన్ తోలు (చెట్ల బెరడు వంటి వాటితో పదును చేసినది) సుమారు 3.5 మిల్లీమీటర్ల మందం ఉండాలి. రెండు పొరల మధ్య వాదర వైపు అదే మందంలో 10 మిల్లీమీటర్ల వెడల్పు తోలు పట్టీ వేయించండి. కుట్లను కాపాడేది అదే. మూతి దగ్గర రెండు రివెట్లు, మొన దగ్గర నీరు కారే రంధ్రం. బెల్టు నుంచి కిందికి వేలాడేలా ఉండాలి, లేకపోతే కూర్చున్నప్పుడు పిడి పక్కటెముకలకు తగులుతుంది. కత్తి దూసేటప్పుడు ఒరను గుప్పిట్లో పట్టుకోవద్దు, వాదర వైపు వేళ్లుంటే కుట్లు తెగినప్పుడు అవీ తెగుతాయి.

చట్టం చోటును బట్టి మారుతుంది. బ్రిటన్‌లో మడవని కత్తి ఎంత చిన్నదైనా సరైన కారణం లేకుండా బహిరంగంగా పట్టుకు తిరగకూడదు. టెక్సాస్‌లో బోవీలపై ఉన్న నిషేధం 2017లో పోయింది కానీ, అయిదున్నర అంగుళాలు దాటిన అలుగును బడుల వంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. క్యాంపు దాకా దారిలో కత్తిని నడుముకు కాక, సామానులో అడుగున చుట్టి పెట్టండి. విమానంలో అయితే చెక్-ఇన్ సామానులో మాత్రమే. మొనకు దళసరి అట్ట తొడిగి కట్టాలి, తనిఖీకి సంచి తెరిచేవారి చెయ్యి ముందు పడేది అక్కడే.