ఫ్లైట్ సిమ్ కోసం గ్రాఫిక్స్ కార్డు మార్చాలనుకుంటున్నాను, ఏది తీసుకోవాలి?

మీ దగ్గర ఉన్నది రైజెన్ 5 3600 ప్రాసెసర్, 8 జీబీ ఆర్‌టీఎక్స్ 3070 కార్డు, 32 జీబీ ర్యామ్, 1440పీ మానిటర్. ఆడేది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2024. పెద్ద ఎయిర్‌పోర్టుల దగ్గరికి వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి నడుస్తోంది, ఏ కార్డు కొనమంటారు అని అడిగారు. నన్నడిగితే అసలు కార్డు జోలికి ఇప్పుడే వెళ్ళకండి.

ఫ్లైట్ సిమ్‌ని షూటింగ్ గేములతో కలిపి చూడకూడదండి. విమానం కదలిక, చుట్టూ తిరిగే ట్రాఫిక్, కాక్‌పిట్ తెరలు, నేల మీద దృశ్యాలను తెచ్చి పేర్చడం, ఈ చాకిరీలో చాలా భాగం ప్రాసెసర్ నెత్తినే పడుతుంది. అందులోనూ మెయిన్ థ్రెడ్ అనే ఒక్కదాని మీద, అంటే పనులను ఒకదాని తర్వాత ఒకటిగా చేసుకుపోయే ఒకే వరస మీద. అది తన వంతు పూర్తి చేసేదాకా ఎంత గొప్ప కార్డయినా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే.

ఒకప్పుడు నాదీ మీలాంటి సెటప్పే. న్యూయార్క్ కెనడీ ఎయిర్‌పోర్టులో 13ఎల్ రన్‌వేకి దిగుతున్నాను. కనార్సీ అప్రోచ్ అంటారు. సూటిగా వచ్చి దిగడం ఉండదందులో. నేల మీద వరసగా మెరిసే లైట్లను చూసుకుంటూ, తక్కువ ఎత్తులో కుడివైపు తిరుగుతూ రన్‌వేకి ఎదురుగా రావాలి. ఆటోపైలట్ తీసేసి విమానాన్ని కుడికి వంచాను. అంతే, తెర బిగుసుకుపోయింది. మళ్ళీ కదిలేసరికి రెక్క మరీ వాలిపోయి, రన్‌వే ఎడమ అద్దంలోకి జారిపోయింది. చేసేదేముంది, గో అరౌండ్, అంటే దిగడం మానేసి మళ్ళీ పైకి లేవడమే.

సిమ్‌లోని డెవలపర్ మోడ్‌లో ఎఫ్‌పీఎస్ (సెకనుకు ఎన్ని ఫ్రేములు) చూపించే కౌంటర్ పెట్టుకుని మళ్ళీ అదే అప్రోచ్‌కి వచ్చాను. మలుపు దగ్గర ‘లిమిటెడ్ బై మెయిన్ థ్రెడ్’ అని చూపించింది. కార్డు సగం ఖాళీగానే ఉంది. అయినా నమ్మకం కుదరక, రిజల్యూషన్ బాగా తగ్గించి ఇంకోసారి ఎగిరాను. బొమ్మ మసకబారింది గానీ ఎఫ్‌పీఎస్ ఉన్నచోటే ఉంది. నేల ఎంత దూరం దాకా వివరంగా కనిపించాలో చెప్పే టెరైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని 200 నుంచి 100కి దించి, సిమ్ తనంతట తాను నడిపే ఏఐ ట్రాఫిక్ ఆపేశాక గానీ మలుపు సాఫీగా తిరగలేదు.

మీరూ ఈ పరీక్ష పెట్టి చూడండి. రిజల్యూషన్ తగ్గిస్తే ఎఫ్‌పీఎస్ పెరిగిందా, అడ్డు కార్డే. పెరగలేదా, ప్రాసెసర్. మీ 3600 విషయంలో నాకైతే అనుమానమే లేదు. మదర్‌బోర్డు మార్చక్కర్లేదు. అదే ఏఎం4 సాకెట్ బోర్డులో బయోస్ (బోర్డు సొంత సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసుకుని రైజెన్ 7 5700ఎక్స్3డీ గానీ 5800ఎక్స్3డీ గానీ దొరికితే పెట్టండి. ఎల్3 క్యాష్, అంటే ప్రాసెసర్ లోపలే ఉండే వేగమైన మెమరీ, 3600లో 32 ఎంబీ, వీటిలో 96 ఎంబీ. ఫ్లైట్ సిమ్‌కి క్యాష్ ఎంత ఉన్నా చాలదు.

యూట్యూబ్ రివ్యూలు చూసి కార్డులు కొనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆ రివ్యూల్లో సగం మంది సముద్రం మీద, ముప్పై వేల అడుగుల ఎత్తులో కొలుస్తారు. అక్కడ ఏ కార్డయినా ఎగురుతుంది! పెద్ద ఎయిర్‌పోర్టు గేటు దగ్గర, వాన పడుతుండగా కొలిచి చూపించమనండి.

సరే, కార్డే అడ్డని తేలిందనుకుందాం. అప్పుడు వేగం కన్నా ముందు మెమరీ చూడండి. వీడియో మెమరీ నిండితే కార్డు డేటాను సిస్టం ర్యామ్‌లోకి నెట్టి అక్కడి నుంచి తెచ్చుకుంటుంది, ఆ రాకపోకల్లోనే బొమ్మ కొట్టుకుంటుంది. 2024 సిమ్‌కి కంపెనీ చెప్పిన ఐడియల్ స్పెక్‌లోనే వీడియో మెమరీ 12 జీబీ ఉంది. నేనైతే 16 జీబీకి తక్కువ తీసుకోను: ఏఎండీలో ఆర్‌ఎక్స్ 7800 ఎక్స్‌టీ, ఎన్విడియాలో చెయ్యి ఆడితే ఆర్‌టీఎక్స్ 5070 టీఐ. పేరు చూసి మోసపోకండి, 4060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీదీ ఉంది, 16 జీబీదీ ఉంది. ఇలా పేర్లు పెట్టేవాళ్ళని ఏమనాలో నాకు తెలియదు.

అసలు ఫ్రేముల మధ్య కార్డే కొత్త ఫ్రేములు కల్పించి చేర్చే ఫ్రేమ్ జనరేషన్ ఉంది కదా అంటారు కొందరు. ప్రాసెసర్ అడ్డున్నప్పుడు కంటికి హాయిగానే ఉంటుంది, కాదనను. కానీ అసలు ఫ్రేములు 25 దగ్గర ఉంటే, ఫ్లేర్ చేసేటప్పుడు, అంటే నేల తాకే ముందు ముక్కు పైకెత్తేటప్పుడు, యోక్ (విమానం స్టీరింగ్) లాగిన ఫలితం ఆలస్యంగానే వస్తుంది. అంకె రెట్టింపైనంత మాత్రాన చేతికి తేడా తెలియదు.

ఏది కొన్నా ముందు కేసు లోపల పొడవు కొలుచుకోండి, పవర్ సప్లై ఎన్ని వాట్లదో చూసుకోండి. ఒకవేళ మీరు వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకుని ఎగురుతుంటే మాత్రం ఆ సంగతి మీరు ముందే చెప్పాల్సింది. అక్కడ రెండు కళ్ళకీ వేర్వేరుగా బొమ్మ గీయాలి కాబట్టి కార్డు మీద భారం బాగా పెరిగిపోతుంది, ఆ లెక్క వేరు.