ఆటలమ్మ టీకా: అమెరికాకు కొత్తగా వచ్చినవారు చూసుకోవలసినవి

ఆటలమ్మ చిన్నప్పుడు ఒకసారి వచ్చి తగ్గిపోయేదే కదా, దానికి రెండు డోసుల టీకా ఎందుకు, పిల్లలను బడిలో చేర్చుకోవడానికి ఆ కాగితం ఎందుకు అడుగుతున్నారు అని అమెరికాకు కొత్తగా వచ్చిన తల్లిదండ్రులు తరచుగా అడుగుతుంటారు. న్యాయమైన సందేహమే. జవాబు తెలియాలంటే 1995కు ముందు ఈ దేశంలో పరిస్థితి ఎలా ఉండేదో చూడాలి.

అప్పట్లో ఏటా సుమారు 40 లక్షల మందికి ఆటలమ్మ సోకేది. పొక్కులలో బాక్టీరియా చేరడం వల్లనో, న్యుమోనియా వల్లనో, మెదడు వాపు వల్లనో పదివేల మందికి పైగా ఆసుపత్రి పాలయ్యేవారు. వారిలో 100 నుంచి 150 మంది వరకు చనిపోయేవారు. అంతకుముందు ఏ అనారోగ్యమూ లేని పిల్లలు కూడా ఆ మృతులలో ఉండేవారు. జపాన్ వైద్యుడు మిచియాకి తకహాషి 1970లలో రూపొందించిన టీకాకు అమెరికా 1995లో అనుమతి ఇచ్చింది. ఒక్క డోసుతో కేసులు బాగా తగ్గినా బడులలో అడపాదడపా వ్యాప్తి కొనసాగడంతో 2006లో రెండో డోసును కూడా చేర్చారు. మొదటి 25 ఏళ్లలో ఈ కార్యక్రమం సుమారు 9.1 కోట్ల కేసులను, 2,38,000 ఆసుపత్రి చేరికలను, దాదాపు 2,000 మరణాలను నివారించిందని అమెరికా ప్రభుత్వ వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ అంచనా.

ఈ అంకెల కన్నా నాకు ముఖ్యంగా తోచేది మరొకటి ఉంది. ఏడాది నిండని పసికందులకు ఈ టీకా వేయరు, అయినా వారిలోనూ ఆటలమ్మ భారీగా తగ్గింది. చుట్టూ ఉన్న పెద్దపిల్లలకు జబ్బు రాకపోవడంతో అది పసివారి దాకా చేరలేదు. క్యాన్సర్ చికిత్సలో ఉన్న పిల్లలకు, గర్భిణులకు కూడా రక్షణ ఇలాగే అందుతుంది. బడి అడిగే కాగితం వెనుక ఉన్న ఉద్దేశం ఇదే.

అయితే పిల్లల కాగితాలు సరిచూసుకునే చాలామంది తమ సంగతి పట్టించుకోరు. భారతదేశం వంటి ఉష్ణమండల దేశాలలో ఆటలమ్మ సోకకుండానే యుక్తవయసుకు వచ్చేవారు చల్లని దేశాలతో పోలిస్తే ఎక్కువ. పెద్దవయసులో సోకితే న్యుమోనియా ముప్పు పెరుగుతుంది, గర్భిణులకైతే తల్లికీ బిడ్డకూ ప్రమాదం. ఇక్కడి ఫారాలలో 1980కి ముందు పుట్టినవారికి రోగనిరోధక శక్తి ఉన్నట్టే లెక్క అని కనిపిస్తుంది కానీ, ఆ వెసులుబాటు అమెరికాలో పుట్టినవారికి మాత్రమే. మనకు అది వర్తించదు. చిన్నప్పుడు వచ్చిందో లేదో కచ్చితంగా తెలియనివారు డాక్టరును అడిగి యాంటీబాడీల రక్తపరీక్ష చేయించుకోవచ్చు, లేదా నేరుగా కనీసం నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు వేయించుకోవచ్చు. ఇది బలహీనపరచిన సజీవ వైరస్‌తో తయారైన టీకా కాబట్టి గర్భిణులకు వేయరు, వేయించుకున్న తరువాత కనీసం ఒక నెల గర్భం రాకుండా చూసుకోమంటారు. అందుచేత సంతానం గురించి ఆలోచిస్తున్న దంపతులు ఈ పని ముందే పూర్తి చేసుకోవడం మంచిది.

పిల్లల విషయంలో మొదటి డోసు 12 నుంచి 15 నెలల మధ్య, రెండోది నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య వేస్తారు. బడి నిబంధనలు రాష్ట్రాన్ని బట్టి మారుతాయి కనుక మీ బడినే అడగండి. భారతదేశంలో వేయించిన టీకాల కార్డు తప్పక తెచ్చుకోండి, దానిలో తేదీని రోజు, నెల వరుసలో రాస్తారు కాబట్టి క్లినిక్‌లో ఇచ్చేటప్పుడు నెల పేరును అక్షరాలలో రాసిన ప్రతిని జతచేయండి. లేకపోతే నెలను ముందుగా చదివే ఈ దేశంలో ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయిపోతుంది. కార్డు పోయినా కంగారు అక్కర్లేదు, ఇప్పటికే రక్షణ ఉన్నవారికి మరో డోసు పడినా హాని లేదు. ఇన్సూరెన్స్ లేని పిల్లలకు ప్రభుత్వ కార్యక్రమం కింద ఉచితంగా టీకా దొరుకుతుంది.

పిల్లలకు టీకా వేస్తే పెద్దలలో సర్పి (షింగిల్స్ అనే నొప్పి పొక్కుల జబ్బు) పెరుగుతుందన్న మాట మీరు వినే ఉంటారు. ఆటలమ్మ వైరస్ నరాలలో ఉండిపోయి పెద్దయ్యాక సర్పిగా బయటపడుతుంది. జబ్బుపడిన పిల్లల మధ్య తిరగడం వల్ల పెద్దలలో నిరోధక శక్తి నిలుస్తుందేమోనన్న ఆలోచనతో బ్రిటన్ చాలాకాలం వెనుకాడి, చివరకు 2026 జనవరి నుంచి పిల్లల టీకాలలో దీనినీ చేర్చింది. అమెరికాలో సర్పి కేసులు టీకా రాకముందు నుంచే పెరుగుతున్నాయి, టీకా తరువాత ఆ పెరుగుదల వేగం పుంజుకోలేదు. పైగా టీకా వేయించుకున్న పిల్లలలో సర్పి చాలా తక్కువ. 50 దాటినవారికి సర్పికి వేరే టీకా ఉంది.

టీకా లేనివారు ఆటలమ్మ ఉన్న మనిషికి దగ్గరగా మెలిగితే మూడు నుంచి ఐదు రోజులలోపు టీకా వేయించుకున్నా ప్రయోజనం ఉంటుంది. గర్భిణులు, పసికందులు అయితే ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి, ఎందుకంటే వారిలో కొందరికి ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్‌కు (సిద్ధంగా ఉన్న యాంటీబాడీల ఇంజెక్షన్‌కు) గడువు పది రోజులే. పొక్కులు కనిపించిన పిల్లలకు ఆస్పిరిన్ ఎంతమాత్రం ఇవ్వకండి, కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రేస్ సిండ్రోమ్ వచ్చే ప్రమాదం ఉంది. క్లినిక్‌కు వెళ్లేముందు ఫోన్ చేసి విషయం చెబితే, మిగతా రోగులతో కలపకుండా వేరే గదిలోకి తీసుకువెళతారు.