జమైకా వెళ్లిన స్కాటిష్ పూర్వీకుణ్ణి ఎలా వెతకాలి? మా అత్తింటి అనుభవం

ప్రశ్న: మా వారిది స్కాటిష్ కుటుంబం. వాళ్ల పూర్వీకుడొకాయన 1790ల ప్రాంతంలో జమైకా వెళ్లి ప్లాంటర్ (చెరకు లాంటి పెద్ద తోటల యజమాని) అయ్యాడని ఇంట్లో చెప్పుకుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలి?

మీలాగే నేనూ స్కాటిష్ ఇంటి కోడల్నే. గ్లాస్గోకి దగ్గర్లో ఉంటాం, మా వారి పూర్వీకులది ఆర్గైల్‌షైర్. "మావాళ్లకి జమైకాలో పెద్ద ఎస్టేట్ ఉండేది" అని మా అత్తగారు గొప్పగా చెప్పేవారు. వెతగ్గా వెతగ్గా తేలిందేమిటంటే, ఆయనకి సెంటు భూమి కూడా లేదు. జమైకాలో జిల్లాలాంటి హనోవర్ పారిష్‌లో వేరేవాళ్ల చెరకు తోటలో ఓవర్‌సీయర్‌గా పనిచేసి, తర్వాత అటార్నీ అయ్యాడు. ఇక్కడ అటార్నీ అంటే బ్రిటన్‌లో ఉండే యజమాని తరఫున తోట పెత్తనం చేసేవాడు. వెళ్లినవాళ్లలో చాలామంది బుక్‌కీపర్ లాంటి చిన్న ఉద్యోగంతోనే మొదలుపెట్టారు. కొందరు జ్వరాలతో తొందరగానే పోయారు. ఇంకొందరు కాస్త డబ్బు చేతిలో ఆడగానే, భూమి కంటే ముందు మనుషుల్ని కొని తోటలకి అద్దెకిచ్చారు. అందుకని "ప్లాంటర్" అన్న మాటని అప్పుడే ఖాయం చేసుకోకండి.

స్కాట్లాండ్ వైపు పని తేలిక. స్కాట్లాండ్స్‌పీపుల్ వెబ్‌సైట్‌లో పాత పారిష్ రిజిస్టర్లు (చర్చిల్లో రాసిపెట్టిన బాప్టిజం, పెళ్లి వివరాలు), వీలునామాలు ఉన్నాయి. పెళ్లయిన ఆడవాళ్లని పుట్టింటి ఇంటిపేరుతోనే రాసే అలవాటు అక్కడ ఉండేది కాబట్టి అమ్మమ్మల వైపు కూడా దారి దొరుకుతుంది. చిక్కల్లా మగవాళ్ల పేర్లతోనే. మన ఇళ్లలోలాగే పెద్దకొడుక్కి తాత పేరు పెట్టేవాళ్లు. ఇంటిపేరు క్యాంప్‌బెల్ లాంటిదైతే ఇక చెప్పక్కర్లేదు, ఒకే తరంలో అరడజను మంది జాన్ క్యాంప్‌బెల్‌లు తగులుతారు. వీలునామా దొరికినా అందులో అక్కడి భూమి ఉండదు, ఎందుకంటే 1868 దాకా స్కాట్లాండ్‌లో భూమిని వీలునామాతో రాసివ్వడం కుదిరేది కాదు. భూమి ఎవరికి వెళ్లిందో తెలియాలంటే సర్వీసెస్ ఆఫ్ ఎయిర్స్ (వారసుల్ని నిర్ధారించిన రికార్డులు), సేజిన్స్ (భూమి చేతులు మారిన రికార్డులు) రిజిస్టర్లు చూడాలి. విదేశంలో పోయినవాళ్ల ఆస్తుల వ్యవహారం ఎడిన్‌బర్గ్ కమిసరీ కోర్టులో నడిచేది. ఇంగ్లండ్‌లో కూడా ఆస్తి ఉన్నవాళ్లయితే కాంటర్‌బరీ కోర్టు వీలునామాలు చూడండి.

జమైకా వైపుకొస్తే, ఇంటిపేరుతో వెతకడం పక్కనపెట్టి పారిష్, తోట పేరు పట్టుకోండి. మొదట యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ల లెగసీస్ ఆఫ్ బ్రిటిష్ స్లేవరీ డేటాబేస్ తెరవండి, ఉచితం. బానిసత్వం రద్దయినప్పుడు బ్రిటిష్ ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది. ఇచ్చింది బానిసలకి కాదు, యజమానులకి. ఎవరు అడిగారు, ఎంతమందికని అడిగారు, ఎంత ముట్టింది, అన్నీ అందులో ఉన్నాయి. తోట అప్పుల్లో ఉంటే ఆ డబ్బు, తోటని తాకట్టు పెట్టుకున్న గ్లాస్గో వ్యాపారికి పోయిన సందర్భాలున్నాయి, కాబట్టి మీ పూర్వీకుడి పేరు కనపడకపోతే తోట పేరుతో మళ్లీ చూడండి. పాత జమైకా ఆల్మనాక్‌లలో (ఏటా వేసే సమాచార పుస్తకాలు) పారిష్ వారీగా యజమాని పేరు, బానిసల సంఖ్య, పశువుల సంఖ్య ఒకే వరుసలో ఉంటాయి. మనుషుల పక్కనే పశువుల లెక్క. మొదటిసారి చూసినప్పుడు మా వారు లాప్‌టాప్ మూసేసి బయటికి వెళ్లిపోయారు.

అసలు సమాచారం బానిసల రిజిస్టర్లలో ఉంది. జమైకాలో 1817లో మొదలై మూడేళ్లకోసారి 1832 దాకా రాశారు. ఒరిజినల్స్ లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో టి71 అనే వరుసలో ఉన్నాయి, ఆన్‌లైన్‌లో కూడా చూడొచ్చు. పేరు, రంగు, వయసు, ఆఫ్రికాలో పుట్టారా దీవిలోనే పుట్టారా, చివర్లో రిమార్కులు. ఈ చివరి కాలమ్ వదలకండి, తల్లి పేరు అక్కడే ఉంటుంది. మగవాళ్లకి గ్లాస్గో, అబర్డీన్ అని ఊళ్ల పేర్లు పెట్టడం కూడా కనిపిస్తుంది. రంగు కాలమ్‌లో ములాటో (తెల్లవాళ్లకీ నల్లవాళ్లకీ పుట్టిన బిడ్డ) అని ఉన్న పసిపిల్ల కనిపిస్తే, అప్పుడు ఆ తోటలో ఉన్న తెల్లవాళ్లెవరో చూసుకోండి. తండ్రి పేరు రిజిస్టర్‌లో రాయరు. ఫ్యామిలీసెర్చ్ అనే వంశవృక్షాల వెబ్‌సైట్‌లో ఉన్న ఆంగ్లికన్ బాప్టిజం రిజిస్టర్లలో మాత్రం కొన్నిసార్లు దొరుకుతుంది.

ఇదేమీ అరుదు కాదు. స్కాట్లాండ్‌లో తిరుగుబాటుదారులు ఓడిపోయిన కల్లోడెన్ యుద్ధం తర్వాత 1746లో ఉరితీయబడ్డ సర్ జాన్ వెడర్‌బర్న్ కొడుకులు జాన్, జేమ్స్ జమైకాలో బాగా సంపాదించి తిరిగొచ్చారు. అన్న జాన్ బానిసగా వెంట తెచ్చిన జోసెఫ్ నైట్ కోర్టుకెక్కి, స్కాట్లాండ్ చట్టం బానిసత్వాన్ని ఒప్పుకోదని 1778లో తీర్పు సంపాదించాడు. తమ్ముడు జేమ్స్‌కి రోజానా అనే బానిస స్త్రీ వల్ల పుట్టిన రాబర్ట్, పెద్దయ్యాక ఇన్వరెస్క్‌లో తండ్రి ఇంటికి వెళితే, వంటమనిషి కాస్త పలచటి బీరు, నౌకరు ఒక పగిలిన ఆరు పెన్నీల నాణెం చేతిలో పెట్టి పంపేశారు. ఆ సంగతి రాబర్టే రాసుకున్నాడు. వంశవృక్షాల్లో ఇలాంటి పిల్లలు ఉండరు. మీరు గీస్తున్నదాంట్లో వాళ్లకి చోటు ఉంచండి.

మీ వాళ్లు గయానా వైపు వెళ్లారని తేలితే మనకీ ఒక లంకె ఉంది. స్కాట్లాండ్‌లోని లీత్‌లో పుట్టిన తోటల యజమాని జాన్ గ్లాడ్‌స్టోన్ పరిహారంగా లక్ష పౌండ్ల పైనే తీసుకున్నాడు. బానిసల స్థానంలో మన దేశం నుంచి కూలీల్ని 1838లో అక్కడికి రప్పించినవాళ్లలో ఆయన ముఖ్యుడు. తర్వాత మద్రాసు నుంచి వెళ్లిన ఓడల్లో తెలుగువాళ్లూ ఉన్నారు.

ఇంట్లో టెన్షన్ మాత్రం తప్పదు. మా అత్తగారు కొన్నాళ్లు ఈ విషయం ఎత్తనివ్వలేదు. నేను వాదించకుండా రిజిస్టర్ పేజీ ప్రింట్ తీసి ఆవిడకే ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని ఒక్కో పేరూ పైకి చదివి, "దీని తల్లి ఎవరో చూడు" అని నాకే పని చెప్పారు.

డీఎన్‌ఏ టెస్ట్ చేయిస్తే జమైకా మూలాలున్న దూరపు బంధువులు మ్యాచ్‌లలో రావచ్చు, మా వారికి వచ్చారు. వాళ్లకి రాసేటప్పుడు "మా పూర్వీకుడు మీ ప్లాంటర్" అని మొదలెట్టకండి. వాళ్ల వైపు నుంచి చూస్తే 1817కి వెనక్కి వెళ్లడం చాలా కష్టం, చాలామంది బానిసలకి ఇంటిపేరు కూడా రాయలేదు. మీ దగ్గరున్న తోట పేరు, రిజిస్టర్ పేజీ ముందే పంపేయండి. జవాబిస్తారా లేదా అన్నది వాళ్లిష్టం.